పాత పాట గొప్పదా, కొత్త పాట గొప్పదా? హిప్ హాప్ తగవులో మన పేటల తగవు

"పాట పడిపోయింది" అన్న మాట ఈ మధ్య మన సభల్లో తరచుగా వినబడుతోంది. అంబేద్కర్ జయంతికి పెందుర్తి చుట్టుపక్కల పేటల్లో కుర్రాళ్లు డీజే బాక్సులు పెట్టి ర్యాప్ వేస్తారు. కారంచేడు, చుండూరు రోజుల్లో డప్పు పట్టుకుని ఊరూరా తిరిగిన కార్యకర్తలు పక్కన నిలబడి "ఇదేటి పాటర్రా, ఒక్క ముక్కైనా బోధపడతాదా?" అంటారు. "మీ పాట మీటింగుకి బాగుంటాది గానీ మా చెవికి ఎక్కదు" అని వీళ్లంటారు. ఇంతటితో ఆగితే ఇది ఇంటింటా ఉండే తండ్రీకొడుకుల తగవే. కానీ ఒకరి దగ్గర చరిత్ర ఉంది, మరొకరి దగ్గర ఈ కాలపు దరువు ఉంది. ఈ రెండూ కలవకపోతే ఖాళీ అయిన మైకు దగ్గరికి ఎవరి పాట వచ్చి కూర్చుంటుందో పండగ ఊరేగింపుల్లో చూస్తూనే ఉన్నాం. అందుకని దీన్ని కుర్రతనమనో ముసలితనమనో కొట్టిపారేయకుండా కాస్త లోతుగా చూడాలనుకుంటున్నాం.

ఇదే తగవు అమెరికా నల్లజాతి ప్రజల మధ్య దాదాపు ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. 1980ల మధ్య నుంచి 1990ల మధ్య దాకా వచ్చిన హిప్ హాప్‌ని వాళ్లు 'స్వర్ణయుగం' అంటారు. తర్వాత వచ్చిందంతా డబ్బు, నగలు, కార్లు, గొణుగుడు తప్ప సరుకు లేదని పెద్దవాళ్ల వాదన. 1966లో పుట్టిన బ్లాక్ పాంథర్ల పేరు చూసి 1972లో బొంబాయిలో మనవాళ్లు దళిత పాంథర్స్ అని పెట్టుకున్నారు. పేరు తెచ్చుకున్నాం. ఆ పాంథర్ల పిల్లలు కట్టిన పాటను మాత్రం వీధి గోలగా చూస్తున్నాం. వాళ్ల తగవు సంగతి తెలిస్తే మన తగవు సగం తేలుతుందని మా నమ్మకం.

హిప్ హాప్ పుట్టిన చోటు న్యూయార్కులోని బ్రాంక్స్. 1948లో మొదలై 1972 దాకా ఆ పేట నడిబొడ్డున ఒక పెద్ద రహదారి వేశారు. వేలాది కుటుంబాలు లేచిపోయాయి. ఉన్నవాళ్లు వెళ్లిపోయారు, లేనివాళ్లు మిగిలారు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు భూములు వదులుకున్న విశాఖ ప్రాంతం వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ 1973 ఆగస్టు 11న, జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబంలోని కుర్రాడు ఒకడు తన చెల్లెలు పెట్టిన పార్టీలో రికార్డులు వేశాడు. కూల్ హెర్క్ అనేది అతని పిలుపు పేరు. పాటలో మాటలు ఆగిపోయి దరువు ఒక్కటే మోగే చిన్న ముక్క ఉంటుంది గదా, జనం గెంతేది అక్కడే అని అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు తెచ్చి, రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఆ ముక్క ఇక్కడ అయిపోగానే అక్కడ మొదలుపెట్టి ఎంతసేపైనా సాగదీశాడు. దాని మీద మైకులో మాటలు వేశారు. వాయిద్యం కొనుక్కునే స్తోమత లేనివాడు ఎవరో వాయించి పెట్టిన దరువునే తన వాయిద్యం చేసుకున్నాడన్న మాట. సంగీతం రానివాళ్ల గోల అనేవాళ్లు ఈ ఉపాయాన్ని ఒకసారి ఆలోచించాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. 1973 నుంచి 1979 దాకా బ్రాంక్స్‌లో మోగిన హిప్ హాప్ కొద్దిపాటి పార్టీ టేపుల్లో తప్ప మిగల్లేదు. మొదటి పెద్ద రికార్డు 'రాపర్స్ డిలైట్' వచ్చింది 1979లో. దాన్ని పాడినవాళ్లు ఆ పార్టీల్లో పేరున్నవాళ్లు కారు. అందులో ఒకడు పాడిన మాటలు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే వేరే కుర్రాడివి. అతనికి పేరూ దక్కలేదు, పైసా దక్కలేదు. అంటే మొట్టమొదటి కాలం ఎంత బాగుందో, ఎంత చెత్తగా ఉందో కొలవడానికి మన చేతిలో సరుకే లేదు. కాలాల్ని పోల్చే ప్రతివాడూ ముందు ఒప్పుకోవాల్సిన సంగతి ఇది. మనం పోల్చేది కాలాలతో కాలాల్ని అనుకుంటాం. నిజానికి పోల్చేది రికార్డయిన వాటితో రికార్డయిన వాటిని.

స్వర్ణయుగం అనే దానికి వద్దాం. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం 'ది మెసేజ్' పేటలోని బతుకును పాటలోకి తెచ్చింది. 1988లో పబ్లిక్ ఎనిమీ బృందం రెండో ఆల్బం రాజకీయ ఉపన్యాసాన్నీ, సైరన్ మోతనీ, డజన్ల కొద్దీ పాత రికార్డుల ముక్కల్నీ కలిపి ఒక గోడలా కట్టింది. 1994లో నాస్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడి 'ఇల్‌మాటిక్' వచ్చింది. గొప్పవే, సందేహం లేదు. కానీ ఆ కాలంలో జనం ఎక్కువగా కొన్నదేమిటి? 1990లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కిన తొలి ర్యాప్ పాటగా చెప్పేది 'ఐస్ ఐస్ బేబీ'. పాడింది వెనిల్లా ఐస్ అనే తెల్లవాడు. ఇవాళ స్వర్ణయుగం గురించి మాట్లాడేవాళ్లెవరూ దాన్ని లెక్కలోకి తియ్యరు. జల్లెడ పట్టేసి, నిలిచిన గింజల్ని ఒక పక్కన పోసి, ఇవాళ్టి కళ్లంలో పొల్లుతో కలిసి ఉన్న కుప్పను ఇంకో పక్కన పోసి తూకం వేస్తే పాత పక్కే మొగ్గుతుంది మరి. గింజల్ని గింజలతోనే తూచాలి. అలా తూస్తే 2015లో వచ్చిన కెండ్రిక్ లమార్ ఆల్బం 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' ఆ పాతవాటి పక్కన తలెత్తుకుని నిలబడుతుంది. అందులోని ఒక పాటను పోలీసు హత్యలకు వ్యతిరేకంగా ఊరేగిన జనం తమ నినాదం చేసుకున్నారు. 2018లో అతని తర్వాతి ఆల్బానికి పులిట్జర్ సంగీత బహుమతి వచ్చింది. అప్పటిదాకా ఆ బహుమతి శాస్త్రీయ సంగీతం, జాజ్ గడప దాటలేదు.

అలాగని పాతవాళ్ల బాధలో నిజం లేదని అనడం లేదు. 1990ల మధ్య తర్వాత అమెరికా రేడియోలో వినిపించిన హిప్ హాప్ ఇరుకైపోయిన మాట వాస్తవం. అయితే దానికి కారణం ఆ తరం పిల్లల బుద్ధి పాడవడం అనుకుంటే పొరపాటు. 1991 డిసెంబరులో న్యూయార్కు ఫెడరల్ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బిజ్ మార్కీ అనే గాయకుడు అనుమతి లేకుండా వేరొకరి రికార్డు ముక్క వాడుకున్నాడన్న కేసు అది. దొంగిలించరాదన్న బైబిలు ఆజ్ఞను ఉటంకిస్తూ జడ్జి తీర్పు మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ప్రతి ముక్కకీ ముందే అనుమతి, ముందే డబ్బు. పబ్లిక్ ఎనిమీ లాగా డజన్ల ముక్కలు పేర్చే పద్ధతి పేదవాడికి అందకుండా పోయింది. పేదరికంలోంచి పుట్టిన వాయిద్యం ధనవంతుడి వాయిద్యం అయింది. తర్వాత 1996లో టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. అంతకుముందు ఒక కంపెనీ దేశం మొత్తం మీద 40 రేడియో స్టేషన్లకు మించి పెట్టుకోకూడదు. ఆ పరిమితి ఎత్తేశారు. కొన్నేళ్లలో ఒక్క కంపెనీ చేతిలోకే 1,200 దాకా స్టేషన్లు పోయాయి. ఊరికో రకంగా ఉన్న పాట దేశమంతా ఒకే రకం అయింది. పాట పడిపోయింది అనేవాళ్లు ఈ తీర్పు సంగతి, ఈ చట్టం సంగతి ఎత్తరు. పాట పడిపోయిందా, దాన్ని ఎవరైనా పడేశారా అని అడగరు.

స్వర్ణయుగానికి ఇంకో మచ్చ కూడా ఉంది. ఆడవాళ్లను తిట్టే పాటలు ఆ కాలంలోనూ దండిగా వచ్చాయి. 1989లోనే క్వీన్ లతీఫా 'లేడీస్ ఫస్ట్' అని జవాబు చెప్పాల్సి వచ్చింది. స్వర్ణయుగం జాబితాలు రాసే మగవాళ్లు ఆ జవాబును చివర్లో ఒక ముక్కగా చేర్చి ఊరుకుంటారు. మన జాబితాలు ఇంతకన్నా మెరుగా అంటే జవాబు చెప్పడం కష్టం.

ఇప్పుడు మన పాట సంగతి. ఒకరి పాట ముక్క తీసుకుని తన మాట చెప్పడం హిప్ హాప్‌తోనే మొదలయిందని అనుకోనక్కర్లేదు. జాతీయోద్యమ కాలంలో గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' ఊరూరా మోగింది. అదే పల్లవిని పట్టుకుని రాజమండ్రి ప్రాంతానికి చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నాడు. ఒక్క మాట మార్చాడు. తెల్లదొర పోతే వచ్చేది ఎవరి రాజ్యం అన్న ప్రశ్న జాతీయోద్యమం నెత్తిన పడింది. ఇవాళ్టి ర్యాప్ కుర్రాడు దీన్ని రీమిక్స్ అంటాడు, జవాబు పాట అంటాడు. మన సాహిత్య చరిత్రలు చాలాకాలం దీన్ని అనుకరణ కింద రాసి ఊరుకున్నాయి. అనుకరణ అని రాసినవాడికి ఆ ఒక్క మాట మార్పులో ఉన్న బలం కనబడలేదు. కనబడనివ్వనిది అతని కులమే అని మేమంటే కోపగించుకోకూడదు.

ఉత్తరాంధ్రలో జముకు ఉంది. కుండ లాంటి వాద్యం, దానికో నరం. ఎల్లమ్మ కథలకి వాయించేది. శ్రీకాకుళం పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకుల కథను పోరాట కథ చేశాడు. అతను బొడ్డపాడు గుళ్లో పూజారి. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు. విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన కార్మికుడు, 1972లో ఏర్పడ్డ జననాట్యమండలిలో మొదటివాళ్లలో ఒకడు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అనే మాటలోనే ఈ ప్రాంతం యాస మొత్తం ఉంది. మేము ఎక్కువగా ఆగి చెప్పాల్సింది ఈ యాస గురించే. అప్పటిదాకా పుస్తకంలోకి రావాలంటే 'వెళ్దాం వస్తావా' అని దిద్దుకుని రావాలి. సినిమాలో ఈ యాస నౌకరు పాత్రకి, నవ్వులాటకి. వంగపండు దాన్ని దిద్దకుండా పల్లవిలో పెట్టాడు. దరువు ఆ యాస లోంచే పుట్టింది. మాటను మింగి, కుదించి, చివర్లో సాగదీసే పద్ధతి యాసలోనే ఉంది గదా. బ్రాంక్స్ పిల్లలు బళ్లో తప్పు అనిపించుకున్న తమ ఇంగ్లీషును మైకులో పెట్టి ప్రపంచం చేత వినిపించడం, ఇది వేరు వేరు పనులు కావు.

అయినా విప్లవ పాటలో మనకి ఒక లోటుండేది. అందులో కూలన్న ఉన్నాడు, రైతన్న ఉన్నాడు, మాలా మాదిగా అని తన పేరు చెప్పుకుని మాట్లాడే మనిషి అరుదు. గద్దర్ దళితుడే. డప్పూ మనదే, గొంతూ మనదే. 'నేను' అనే మాట మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1985 జూలై 17న కారంచేడు, ఆ సెప్టెంబరులో దళిత మహాసభ, 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ మధ్యకాలంలో మాస్టార్జీ లాంటివాళ్ల పాటల్లో అంబేద్కర్ పేరు, కులం పేరు నేరుగా వచ్చాయి. 1994లో మొదలైన మాదిగ దండోరా తన పేరునే డప్పు మోత నుంచి తీసుకుంది. చావుకీ, చాటింపుకీ, గొడ్డు చాకిరీకీ కట్టేసిన వాద్యం ఆత్మగౌరవానికి గుర్తయింది. సంగీత పండితుడి లెక్కలో ఈ పాటలు ముందు పాటల కన్నా 'నాజూకు' కాకపోవచ్చు. వరసలు చాలావరకు పాతవే. కానీ పాటలో మాట్లాడేవాడు మారాడు. నాణ్యతకు మేము పెట్టుకున్న మొదటి కొలత ఇదే. పాటలో ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?

మన విమర్శకులు ఈ కొలత పెట్టుకున్నారా? 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' వచ్చాయి. దళిత సాహిత్యానికి రెండూ మైలురాళ్లే. పేరులో పాట ఉంది, లోపల ప్రధానంగా వచన కవిత ఉంది. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. చదువుకున్న మనకి కూడా అచ్చులో నిలిచే మాటే సాహిత్యంగా కనబడిందని చెప్పడానికి అంటున్నాం. నాట్లలో, కలుపులో మన తల్లులు కట్టిన పాటకైతే ఆ పాటి చోటు కూడా లేదు. ఒకామె అందుకుంటే మిగతావాళ్లు వంత అందుకునే ఆ పాటలో అప్పటికప్పుడు మేస్త్రీ మీదా, కామందు మీదా మాట విసరడం ఉంది. ర్యాప్‌లో 'ఫ్రీస్టైల్' అని గొప్పగా చెప్పుకునేది ఇంతకన్నా ఏమీ కాదు.

తెలుగువాళ్లు ర్యాప్ అనే మాటను ఎక్కువమంది విన్నది 1994లో, 'ప్రేమికుడు' అనే డబ్బింగ్ సినిమాలో 'పేట ర్యాప్' అనే పాటతో. పేరులో పేట ఉంది. పేట బాధ సరదాల మధ్య చిల్లర సరుకుగా వచ్చి పోయింది. తర్వాత నోయెల్, రోల్ రైడా వంటివాళ్లు హైదరాబాదు నుంచి తెలుగు ర్యాప్‌కి ఒక రూపం తెచ్చారు. పనితనం విషయంలో ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, ఇంగ్లీషు దరువులో సులువుగా ఒదగదు. ముప్పై ఏళ్ల కింద అది అతుకులా వినబడేది. ఇవాళ్టి పిల్లలు ప్రాసను పాదం చివర్లోనే కాక మధ్యలో కూడా వేసి, యాసలోని కుదింపును వాడుకుని, మాటను దరువు మీద కూర్చోబెడుతున్నారు. ఇందులో వాళ్లు పాతవాళ్ల కన్నా నిస్సందేహంగా ముందున్నారు. వస్తువు దగ్గరికొచ్చేసరికే ఎక్కువ పాటలు నేనింతవాణ్ణి, అంతవాణ్ణి అనే దగ్గర ఆగిపోతున్నాయి.

ఆగిపోవాలని రూలేమీ లేదు. 2018 జనవరిలో చెన్నైలో పా. రంజిత్ చొరవతో 'కేస్ట్‌లెస్ కలెక్టివ్' వేదికెక్కింది. గానా పాటనీ, ర్యాప్‌నీ కలిపి రిజర్వేషన్ గురించీ, గొడ్డుమాంసం గురించీ పాడింది. అంత దూరం కూడా పోనక్కర్లేదు. పెందుర్తి స్టేషన్ మీదుగా కొత్తవలస, అరకు దాటి పోయే రైలు కోరాపుట్ పోతుంది. సుమీత్ సామోస్ ఆ జిల్లావాడు. ఢిల్లీలో చదువుకుంటూ దళిత బతుకును ర్యాప్‌లో పెట్టాడు. ఆ స్థాయిలో నిలబడ్డ బృందం తెలుగులో ఇంకా రాలేదంటే పిల్లల్ని నిందించే ముందు మన సినిమాను చూడాలి. తెలుగులో జనం పాటకి పేరు రాగానే సినిమా వచ్చి ఎత్తుకుపోతుంది. వంగపండు పల్లవి 2009లో 'మగధీర'లో వినబడితే, అనుమతి లేకుండా వాడారని ఆయన అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. అమెరికాలో పేదవాడు ధనవంతుడి రికార్డు ముక్క వాడితే కోర్టు బైబిలు చదివింది. ఇక్కడ ముక్క ఎటు నుంచి ఎటు పోయిందో చూడండి. తమిళంలో కూడా 2021లో 'ఎంజాయ్ ఎంజామి' కోట్లమంది విన్నాక ఒక పెద్ద సంగీత పత్రిక అట్ట మీద ఆ పాట రాసి పాడిన అరివు బొమ్మ లేదు. రంజిత్ బహిరంగంగా అడగాల్సి వచ్చింది.

రెండో కొలత, పాట చేసే పని. చుండూరు రోజుల్లో పాటే పేపరు. ఏం జరిగిందో, ఎవరు చేశారో పేట నుంచి పేటకి మోసుకెళ్లేది. పబ్లిక్ ఎనిమీ నాయకుడు చక్ డి కూడా ర్యాప్‌ను నల్లవాళ్ల వార్తా ఛానెల్‌తో పోల్చాడు. 2020 ఆగస్టులో పెందుర్తి పక్కనే సుజాతనగర్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీశారు. కెమెరా దృశ్యాలు బయటికి వచ్చి, పాట పుట్టక ముందే రాష్ట్రమంతా చూసింది. వారం తిరిగేసరికి ఫోనులో ఇంకో దృశ్యం వచ్చింది, ఇది కిందికి పోయింది. వార్త మొయ్యడం ఇవాళ పాట పని కాదు. ఆ కిందికి పోయినదాన్ని పట్టుకుని నిలబెట్టడం, గుండు గీయడం అనే శిక్ష మన ఊళ్లలో ఎన్ని తరాల నుంచి ఉందో చెప్పడం పాట పని. దానికి నాలుగు చరణాల పాట చాలకపోవచ్చు. నిమిషానికి ఎక్కువ మాటలు పట్టే ర్యాప్ దీనికి బాగా పనికొస్తుందని మా అంచనా. పాత పాట బృందగానం, జనం చేత పలికించేది. కొత్త పాట ఒక్కడి వాంగ్మూలం. ఊరేగింపులో మొదటిది కావాలి, పోలీస్ స్టేషన్ ముందు రెండోది కావాలి. ఒకదాని పనికి ఇంకోదాన్ని పెట్టి చూసి పనికిరాదంటే ఎలా?

కాబట్టి పేటల్లో పనిచేసే కార్యకర్తలూ, టీచర్లూ ముందుగా చెయ్యదగ్గది రికార్డు చెయ్యడం. డప్పు దరువులు ఒక్కొక్కటీ విడిగా, ఏ సందర్భానికి వాయించేదో చెప్పిస్తూ. నాట్ల పాట పాడిన ఆమె పేరు, ఊరు, తేదీ పెట్టి, ఆమె ఒప్పుకుంటేనే. ఆ దరువు మీద కుర్రాడు ర్యాప్ కడితే ఆమె పేరు ముందు వెయ్యాలి. చట్టం సంగతి కూడా తెలిసుండాలి. మన దేశంలో రాసినవాడి హక్కు చనిపోయాక 60 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తర్వాత సినిమాకి రాసినవాళ్లకి కూడా రాయల్టీలో వాటా ఉంది. 2020 ఆగస్టు 4న పోయిన వంగపండు పాటలకి ఆ లెక్కన 2080 చివరిదాకా హక్కుంటుంది. నాట్ల పాటకి కవి పేరు లేదు గనక ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకున్న కంపెనీకి తన రికార్డు మీద హక్కు వస్తుంది. రేపు అదే పాటను పేటలో ఆమె మనవరాలు పాడి యూట్యూబులో పెడితే, వరస కలిసిందని కంపెనీ పేరుతో అభ్యంతరం రావచ్చు. అప్పుడు చూపించడానికి తేదీ వేసిన పాత రికార్డు ఒకటి చేతిలో ఉండాలి.